ఎవరూ చదవని ఎర్ర అక్షరాలు

నేను ఒక షెల్ స్క్రిప్టును. అంటే కంప్యూటరుకు వరసగా పనులు చెప్పే చిన్న ఫైలును. హైదరాబాదులో ఒక కంపెనీ ఆసుపత్రుల కోసం స్కానింగు అపాయింట్‌మెంట్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దాన్ని పరీక్షించి, బాగుంటే పచ్చగా, తేడా ఉంటే ఎర్రగా రాయడం నా ఉద్యోగం. ముందే చెబుతున్నాను, నాకు ఒళ్ళు మండిపోతోంది.

నన్ను రాసినవాడు ముకుందరావు, ఇప్పుడు టీము లీడరు. ఆ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వరు లేచిందో లేదో చూసుకుని మొదలుపెట్టమని రాయడానికి వాడికి బద్ధకం. "ఐదు సెకన్లు ఆగి మొదలుపెట్టు" అని ఒక ముక్క పడేసి టీకి పోయాడు. సర్వరు ఒక్కోరోజు ఆలస్యంగా లేస్తుంది. నేను ఐదు సెకన్లు కాగానే వెళ్ళి పిలుస్తాను, పలక్కపోతే ఎర్రగా రాస్తాను. బద్ధకం వాడిది, చెడ్డపేరు నాది!

దాంతో ఆఫీసులో ఒక ఆచారం మొదలైంది. నేను ఎర్రగా ఏం రాశానో ఎవరూ చదవరు. "దానికది అలవాటే, మళ్ళీ నడుపు" అంటాడు ముకుందరావు. పచ్చ వచ్చేదాకా నడిపి, రాగానే కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఆసుపత్రులకు పంపేస్తారు.

ఒకరోజు నిజంగానే తేడా దొరికింది. పరీక్ష కోసం నేను పంపే ఇద్దరు ఉత్తుత్తి రోగులు ఒకే క్షణంలో బుక్ చేస్తే ఇద్దరికీ ఒకే సమయం ఇచ్చేస్తోంది. "ఒకే సమయం ఇద్దరికి ఇచ్చారు" అని ఎర్రగా రాశాను. మళ్ళీ నడిపారు. ఈసారి ఆ ఇద్దరూ కాస్త వెనకాముందయ్యారు, పచ్చ వచ్చింది, పంపేశారు. నా గొంతు నొక్కేశారు కదరా!

వారం తిరక్కుండా ఆసుపత్రి నుంచి ఫోను. స్కాను కోసం పొద్దున్నుంచి ఏమీ తినకుండా, కడుపునొప్పితో వచ్చిన ఒక పెద్దావిడను, ఆ టైము ఇంకొకరికి ఉందని వెనక్కి పంపేశారట. ముకుందరావు హడావిడిగా ఏదో సరిచేసి, నా మీద పడ్డాడు.

"ఈ స్క్రిప్టును నమ్ముకుంటే ఇంతే. రజితా, దీన్ని పీకేసి జావాలో రాయి."

ఎంత బరితెగింపో చూడండి!

రజిత కొత్తగా చేరిన టెస్టరు. నన్ను మొదటి నుంచి చివరిదాకా చదివిన ఒకే ఒక్క మనిషి. "సార్, ఇది ఊకె మొత్తుకోలే. అప్పుడే చెప్పింది, మనమే చదవలే" అంది. వాడు వినిపించుకోలేదు.

ఆమె జావా అనే ఇంకో కంప్యూటరు భాషలో చక్కగా రాసింది. ఆ కొత్త పరీక్ష సర్వరు పలికేదాకా ఓపిగ్గా ఆగుతుంది, తర్వాత ఆ ఉత్తుత్తి రోగులిద్దరినీ సరిగ్గా ఒకేసారి వదులుతుంది. నడిపితే ఎరుపు.

"మళ్ళీ నడుపు" అన్నాడు ముకుందరావు.

ఎరుపు. మళ్ళీ నడిపించాడు. ఎరుపే. ఇక గతిలేక కుర్చీ దగ్గరికి లాక్కుని చదివాడు: "ఒకే సమయం ఇద్దరికి ఇచ్చారు."

"అయ్యో, ఇంకా అలాగే ఉందా? పంపకండి, ఆపండి!"

ఆ వాక్యం నాది. రజిత ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఆ సాయంత్రమే నన్ను తీసేశారు. పాత ఫైళ్ళలో పడి ఉన్నాను, ఎవరూ తెరవరు. తెరవకపోతే పోనీ! నేను రాసిన రోజే ఆ ఒక్క వాక్యం చదివి ఉంటే, ఆ పెద్దావిడ ఖాళీ కడుపుతో వెనక్కి పోయేదా?