వడకట్టని నీళ్ళు

"సీసాలు కడగడం అయిందా?" అని మా ఆయన ప్రోకోపీ అడిగాడంటే మా ఇంట్లో మే నెల వచ్చినట్టు. మూడు వందల గాజు సీసాలు. ఒక్కోదాన్ని ఆమ్లంలో నానబెట్టి, శుద్ధమైన నీళ్ళతో మూడుసార్లు కడిగి, బోర్లించి, ఆరాక మూత బిగించాలి. చేతుల మీద చర్మం పొరలు పొరలుగా లేచేది. ఆ చేతులతోనే పిండి కలిపేదాన్ని, అత్తయ్యకు పాలు పోసిన టీ ఇచ్చేదాన్ని. ఇంటికి ఎవరొచ్చినా ప్రోకోపీ నన్ను పరిచయం చేసే మాట ఒకటే: "ఇది మా కున్నెయ్. మా కేంద్రంలో నీళ్ళు మోస్తుంది."

యాకూత్స్క్‌ నగరంలో ఇద్దరం ఒకే తరగతిలో రసాయనశాస్త్రం చదివాం. పరీక్షల ముందు నా నోటుపుస్తకాలు అతని గదిలోనే ఉండేవి. పెళ్ళయిన పన్నెండేళ్ళకు కొలీమా నది ఒడ్డున ఈ ఊళ్ళో నది పరిశోధన కేంద్రం పెట్టినప్పుడు శాస్త్రవేత్త ఉద్యోగం ఒక్కటే ఉంది. "ఇద్దరిలో ఎవరికొస్తే ఏముంది, ఒకే ఇల్లు కదా," అంది అత్తయ్య అగ్రఫేనా. ఉద్యోగం అతనికి వచ్చింది, ఇల్లు నాకు వచ్చింది. కాగితాల మీద నేను సహాయకురాలిని.

ఊరికి ఉత్తరాన ఒక వాగు ఉంది. దాని గట్టు పైకి మట్టిలా కనిపిస్తుంది కానీ లోపల సగం మంచే. ముప్పై వేల ఏళ్ళ కిందట ఏనుగులంత జంతువులు మేసిన గడ్డి, వేళ్ళతో సహా అందులో గడ్డకట్టి ఉంది. ఎండాకాలం ఒక్కో పెళ్ళా విరిగి వాగులో పడుతుంది, నీళ్ళు చిక్కటి టీ రంగుకు తిరుగుతాయి. ఆ పాత గడ్డిలోని కర్బనం ఎంత వాగులో కలుస్తోంది, అందులో ఎంత గాలిలోకి పోతోంది అన్నదే మా కేంద్రం పని. అసలు కిటుకు ఒకటుంది. అన్నేళ్ళు మంచులో దాగిన తిండి కరిగి నీళ్ళలో పడగానే కంటికి కనిపించని జీవులు ఆవురావురుమని మీద పడతాయి. సీసాలో పట్టినా ఆగవు. అందుకే వాగు ఒడ్డునే గంటలోపు నీళ్ళు వడకట్టి ఆ జీవుల్ని వేరు చేసెయ్యాలి. ఆలస్యమైతే సీసాలో నీళ్ళుంటాయి, కర్బనం ఉండదు. మంచు కరిగే ఆ మూడు వారాలూ నేను మోకాలిలోతు బురదలో కూర్చుని, వేళ్ళు కొంకర్లు పోతుంటే వడకట్టేదాన్ని. అలా మూడేళ్ళు చేశాను. అంకెలు పెద్దవిగా వచ్చాయి.

నాలుగో ఏడు సరిగ్గా వాగు పొంగే రోజుల్లో మా అమ్మకు ప్రాణం మీదికి వచ్చిందని కబురొచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి చెప్పాను, "ఏ రోజు నీళ్ళు ఆ రోజే, గంటలోపే వడకట్టు, ప్రోకోపీ."

"చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తావేం?" అన్నాడు.

అమ్మను మట్టిచేసి తిరిగి వచ్చేసరికి నలభై సీసాలు పొయ్యి పక్కన, బూట్ల మధ్య వెచ్చగా నిలబడి ఉన్నాయి. సీసాల మీది తేదీలు చూస్తే, నీళ్ళు పట్టి పన్నెండు రోజులైంది. నేను బట్టలు కూడా మార్చుకోకుండా చెప్పాను, "ఇవి పనికిరావు. లోపలి జీవులు సగం తినేసి ఉంటాయి."

"నీళ్ళు ఎక్కడికీ పారిపోలేదుగా," అన్నాడు. ఆ సాయంత్రమే కూర్చుని వడకట్టాడు. మర్నాడు రిజిస్టరు చూస్తే, ఏ రోజు పట్టిన నీళ్ళు ఆ రోజే వడకట్టినట్టు తేదీలు దిద్ది ఉన్నాయి. అడిగాను.

"చచ్చిపోయిన మీ అమ్మ కోసం ఏడవక, సీసాల కోసం ఏడుస్తావేంటే?"

అంకెలు చిన్నవిగా వచ్చాయి. కరిగే గట్టు వల్ల వాగులో చేరే కర్బనం స్వల్పమేనని అతను రాసిన వ్యాసం ఆ శీతాకాలం అచ్చయింది. వినడానికి హాయిగా ఉండే మాట కదా, అన్ని దేశాల వాళ్ళూ చెవులు రిక్కించారు. మరి నా మూడేళ్ళ పెద్ద అంకెలు ఏమయ్యాయి? వ్యాసం చివర చిన్న అక్షరాల్లో వాటికీ చోటు దొరికింది: సహాయకురాలు సీసాలు సరిగా శుభ్రం చేయక, మురికిలోని కర్బనం కూడా లెక్కలో కలిసినందున మొదటి మూడేళ్ళ కొలతలను వదిలివేశాము.

ఆ వాక్యం వంటింట్లో నిలబడి చదివాను. అత్తయ్య టీ ఊదుకుంటూ అంది, "సీసాలు కడగడం కూడా రాకపోతే ఎలాగమ్మాయ్? వాడి పేరు పోయేది." ఆవిడ కప్పులో ఇంకొంచెం టీ పోశాను. ఇంట్లో అందరూ దాన్ని ఓర్పు అనుకున్నారు. అది పగ.

మరుసటి వసంతం నుంచి ప్రతి చోటా రెండేసి సీసాలు పట్టాను. ఒకటి వాగు ఒడ్డునే వడకట్టాను. రెండోది ఇంటికి తెచ్చి పొయ్యి పక్కన, అవే బూట్ల మధ్య పెట్టి, పన్నెండో రోజున వడకట్టాను. ప్రోకోపీ రోజూ వాటిని దాటుకుంటూ వెళ్ళాడు. ఒకసారి కాలికి తగిలితే, "ఈ చెత్త ఇక్కడెందుకు?" అని విసుక్కున్నాడు. ఎందుకో మాత్రం అడగలేదు. అలా మూడు వసంతాలు. యాకూత్స్క్‌లో నాతో చదివిన దారియా తన ప్రయోగశాలలో వాటిని కొలిచి పెట్టింది. బూట్ల పక్క సీసాల్లో కర్బనం సుమారు సగమే మిగిలింది, ఏటా అంతే. నా పుట్టింటి పేరుతో వ్యాసం రాసి పంపాను. మొదటి వసంతం తర్వాతే నోరు విప్పి ఉంటే ఆ తప్పుడు అంకె అన్ని దేశాల లెక్కల్లోకి ఎక్కేది కాదు. అది నాకు తెలుసు. కానీ ఒక్క సీసాను కూడా ఎవరూ వేలెత్తి చూపించే వీల్లేకుండా చేయాలనిపించింది. ఇంకా నిజం చెప్పాలంటే, అతను ఇంకొంచెం ఎత్తుకు ఎక్కాలనిపించింది.

ఎక్కాడు. ఈ జూన్‌లో, నగరంలోని పరిశోధన సంస్థకు అతన్ని అధిపతిని చేయాలా అని చూడడానికి ముగ్గురు పెద్దలు వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ రైసా ల్వోవ్నా, డెబ్బై ఏళ్ళ మనిషి, వాగుల మీద పని చేస్తూనే జుట్టు నెరిసింది. మంచునేలలో తవ్విన మాళిగలోంచి గడ్డకట్టిన చేప తెచ్చి, పచ్చిదాన్నే పల్చగా చెక్కి, ఉప్పూ మిరియాలూ పెట్టి వడ్డించాను.

"తినండి, తినండి," అన్నాడు ప్రోకోపీ. "సీసాలు కడగడం కంటే మా ఆవిడకు ఇదే బాగా వచ్చు."

ఇద్దరు నవ్వారు. రైసా ల్వోవ్నా నవ్వలేదు. ఆవిడ సంచిలోంచి ఒక పత్రిక తీసి బల్ల మీద పెట్టింది. "మీ వాగు మీదే వచ్చింది, పోయిన వారం. రాసినావిడ పేరు నేనెప్పుడూ వినలేదు. మీ నాలుగో ఏటి నీళ్ళు ఆలస్యంగా వడకట్టి ఉంటారంటోంది."

ప్రోకోపీ ఆ పేరు వంక చూశాడు. పాతికేళ్ళ కిందట తను అరువు తెచ్చుకున్న నోటుపుస్తకాల మీది పేరు అది. మెడ ఎర్రబడింది. "అన్నీ గంటలోపే వడకట్టాం," అన్నాడు. తర్వాత, అలవాటు కొద్దీ, నేను కాదననన్న నమ్మకం కొద్దీ, "కావాలంటే తననే అడగండి," అన్నాడు.

"ఆ ఏడు నేను లేను. మా అమ్మ పోయింది," అన్నాను. "ఆ నీళ్ళు పన్నెండు రోజులు ఆ పొయ్యి పక్కన ఉన్నాయి."

రైసా ల్వోవ్నా మెత్తగా అంది, "తెలియక జరిగే పొరపాట్లు ఉంటాయి. సవరణ రాస్తే సరిపోతుంది. ఒక్కటి చెప్పమ్మా. అలా ఉంచితే నీళ్ళు పాడవుతాయని ఆయనకు అప్పుడు తెలుసా?"

బల్ల కింద నా మోకాలి మీద ఒక చెయ్యి పడింది. అత్తయ్యది. ఇరవై ఏళ్ళలో ఆవిడ నన్ను తాకడం అదే మొదటిసారి. ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. పాపం అనిపించింది కూడా.

"తెలుసు," అన్నాను. "ఆ రోజే నేను చెప్పాను. తేదీలు ఆయన చేత్తోనే దిద్దారు. రిజిస్టరు ఆ బీరువాలో ఉంది."

ఆ పదవి వేరొకరికి వెళ్ళింది. అతని వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది. ఆగస్టులో ప్రోకోపీ తల్లిని తీసుకుని తమ్ముడి ఇంటికి వెళ్ళే పడవ కోసం సిద్ధమయ్యాడు. కేంద్రం బాధ్యతలు తీసుకోమని నాకు ఉత్తరం వచ్చిన రోజే అది. పెట్టె తాడు బిగిస్తూ, తల ఎత్తకుండా అడిగాడు, "అంతమందిలో ఎందుకు? ఇంట్లో నాకొక్కడికే చెప్పి ఉండొచ్చుగా?"

"నీకొక్కడికే చెప్పడం ఇరవై ఏళ్ళు చేశాను, ప్రోకోపీ," అన్నాను.