ద్వారబంధం మీద ఏడు గీతలు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు పడకగది ద్వారబంధం తుడవడం ఆవిడకి అలవాటు. తడిగుడ్డతో పైనుంచి కిందికి తుడుచుకుంటూ వచ్చి, ఆ ఏడు పెన్సిలు గీతల దగ్గర మాత్రం చెయ్యి పక్కకి తిప్పేస్తుంది. మూడేళ్లుగా ఇదే వరస. ఈలోగా పాలు ఎన్నిసార్లు పొంగిపోయాయో, పొయ్యి కడుక్కోలేక తనని తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కే లేదు. గీతల మీద మాత్రం ఒక్క నీటిచుక్క పడనివ్వలేదు.

పాత ఇళ్లలో పాత మరకలుంటాయి. కొత్త ఇంటికి వెనకటి సంగతులేం ఉంటాయి పాపం? అందుకే కొత్తగా కట్టిన వాటిలో ముందు రాబోయే మరకలు కనబడతాయి. అందరికీ తెలిసిందే, ఇందులో వింతేం లేదు. ఆవిడ ఉండే బిల్డింగులోనే, కింది వాటాలో పొయ్యి వెలిగించకముందే వంటగది గోడకి నూనె జిడ్డు పట్టింది. రెండో అంతస్తులో బాత్‌రూమ్ దాకా గోడ పొడుగునా వేళ్ల ముద్రలు వచ్చాయి. నాన్న గోడ పట్టుకుని నడిచే రోజులొస్తాయన్నమాట అని ఆ ఇంటి కొడుక్కి మనసొప్పక, వాటి మీద రంగు కొట్టించాడు. ఆ పెద్దాయన గోడ పట్టుకునే వయసు చూడకుండానే, నిక్షేపంగా తిరుగుతున్నవాడు తిరుగుతున్నట్టే పోయాడు. అప్పట్నుంచీ ఆ బిల్డింగులో ఎవరూ మరకల జోలికి పోరు.

ఆవిడ మొగుడు పెయింటరు. ఈ బిల్డింగుకి రంగులు వేసినవాళ్లలో ఒకడు. నాలుగో అంతస్తులో ఈ ద్వారబంధానికి రంగు వేయబోతూ గీతలు చూశాడు. ఒకదాని మీద ఒకటి, పిల్లల ఎత్తు కొలిచి గీసినవి. బ్రష్షు అక్కడే పడేసి పెళ్లానికి ఫోను చేశాడు. ఆవిడ టైలరు షాపు నుంచి ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చింది.

అన్నిటికన్నా కింది గీత దగ్గరికి వంగి చూసింది. ఆవిడది పుర్రచేతి వాటం. గుడ్డ మీద సుద్దతో గీస్తే ఎడమ చివర కాస్త పైకి లేస్తుంది. "నీ గీతకి ఎప్పుడూ ఆకాశం మీదే కన్నమ్మా" అని షాపు మాస్టరు రోజూ ఏడిపిస్తాడు. ఈ గీతకీ ఎడమ చివర అచ్చం అలాగే లేచి ఉంది.

"ఇది నా చెయ్యే" అంది.

"మరి పైవి?"

"అవి తిన్నగా ఉన్నాయిగా. నువ్వే గీస్తావు."

అద్దె వాళ్ల తాహతుకి మించింది. అయినా తీసుకున్నారు. అప్పటికే రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి జారిపోయింది మరి. ఆ గీతలు వదులుకుని ఎక్కడికి పోతారు?

ఇక ఆ మూడేళ్లూ ఏం బతుకని చెప్పాలి! పెయింటరుకి ఆదివారం లేదు. ఆవిడ షాపు పని చాలక ప్యాంట్లు ఇంటికి తెచ్చుకుని అంచులు కుట్టేది. కిటికీ పక్కన ఉయ్యాలకి చోటుండాలని మిషన్ని చీకటి మూలకి నెట్టింది. మధ్యలో మూడోసారీ పోయింది. ఇక ఆశ పెట్టుకోకమ్మా అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ఆవిడ ఇంటికొచ్చి గీతల ముందు కూలబడి, "మరి ఇవెందుకొచ్చినట్టు?" అని ఏడ్చింది. పెయింటరు వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఈసారి అద్దె పెంచగానే ఇద్దరూ చేతులెత్తేశారు. ఖాళీ చేసే రోజు బ్రోకరు వచ్చాడు. ఇల్లంతా కలియతిరిగి ద్వారబంధం దగ్గర ఆగాడు.

"పిల్లలు గీసిన గీతలు. అడ్వాన్సులో కోత పడుతుంది."

"మాకు పిల్లల్లేరు బాబూ" అంది ఆవిడ.

"అది ఓనరుగారికి అనవసరం కదమ్మా. మీ ఆయన పెయింటరేగా, ఓ పూత పూసేస్తే పోలా?"

నిజమే. ఈ డబ్బు పూర్తిగా చేతికొస్తేనే పాత బిల్డింగులో చూసుకున్న కిటికీ గది దక్కుతుంది. పెయింటరు భార్య వంక చూశాడు.

"మనకి రానివేగా. పూసెయ్" అందావిడ, మొహం తిప్పుకుని. అతను డబ్బా మూత తీశాడు.

అంతలో ఇల్లు చూడ్డానికి వేరేవాళ్లొచ్చారు. ఒక వడ్రంగి, అతని భార్య, మూడేళ్ల కూతురు. వాళ్లిద్దరూ టేపు పట్టుకుని మంచం పడుతుందా లేదా అని చూసుకుంటుంటే, పిల్ల నేరుగా వచ్చి ద్వారబంధానికి వీపు ఆనించి నిలబడింది.

"నేనెంత పొడుగున్నానో చూడత్తా" అంది, ఎన్నాళ్లనుంచో ఎరిగినదానిలా.

ఎడమ చివర లేచిన ఆ గీత సరిగ్గా పిల్ల నడినెత్తిన ఉంది.

ఆవిడ గీత వంకా పిల్ల వంకా చూసింది. గీత తనదే, పిల్లే తనది కాదు. మూడేళ్లూ ఈ పిల్ల ఏళ్లనే తడి తగలకుండా కాపాడుకుంటూ వచ్చిందన్నమాట. ఎంత కోపం వచ్చిందో! ఎవరి మీదో తనకే తెలీని కోపం. పూసేస్తే ఒక్క నిమిషం పని. మొగుడి బ్రష్షు అప్పటికే రంగులో మునిగి ఉంది. రెండో అంతస్తు పెద్దాయన గుర్తొచ్చాడు.

"చూశావా అత్తా?" అంది పిల్ల, మడమలు ఎత్తుతూ.

"ఆగు" అందావిడ మొగుడితో. "మూత పెట్టెయ్."

"మరి డబ్బు?" అన్నాడు గొంతు తగ్గించి.

"పోతే పోయింది."

తర్వాత వడ్రంగి వైపు తిరిగి, "అన్నా, ఆ పెన్సిలోసారి ఇలా ఇవ్వండి" అంది. అతను చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసిచ్చాడు. ఆవిడ పిల్ల జుట్టు అణిచి, మడమలు దించమని, ఎడంచేత్తో గీసింది. పాత గీత మీదే పడింది, వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

వడ్రంగి పైగీతల్ని వేలితో తడిమి చూశాడు. "ఇవి నా చేతివే" అన్నాడు భార్యతో. "అద్దె ఎక్కువే. ఎలాగోలా చూద్దాంలే." ఆ మాట వినలేక ఆవిడ సామాన్ల దగ్గరికి వెళ్లిపోయింది.

కోత పోగా మిగిలిన డబ్బుకి కిటికీ లేని గది దొరికింది. గోడలనిండా ఎవరెవరివో పాత మరకలు. మర్నాడు పొద్దున్నే ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి, గుడ్డ తడిపి ద్వారబంధం తుడిచింది. చెయ్యి పక్కకి తిప్పాల్సిన చోటు ఎక్కడా రాలేదు. పాలు పొంగకముందే దించేసింది.