లోపలి పట్టు

తెల్లవారినప్పటి నుంచి కదిరమ్మ నాలుగుసార్లు కంపచెట్ల చాటుకు పోయి వచ్చింది. పోయినప్పుడల్లా ఉచ్చ చుక్కే. కసువు ఊడ్చడానికి వంగితే మాత్రం చీర తడిసింది. ఎనిమిదికి ఆటో వస్తుంది, గర్భసంచి తీయించడానికి కళ్యాణదుర్గం పోవాలి. ఊళ్లో సూదులేసే ఆరెంపీ డాక్టరు తిప్పేష్ చెప్పాడు, భర్త రంగన్న సరేనన్నాడు. ఆమెను ఎవరూ అడగలేదు.

మూడో కాన్పయిన పదకొండో రోజే బోరు నుంచి బిందెలు మోసింది. ఇప్పుడు దగ్గినా తుమ్మినా తడే. అందుకే ఎండలో కూడా నీళ్లు ముట్టదు. నిన్న శెనక్కాయ చేలో తోటి కూలి జయంతి, "ఏమి వదినా, కలుపు తీసేకి వచ్చినావా, చేనుకు నీళ్లు పెట్టేకి వచ్చినావా?" అంటే నవ్వింది. నవ్వినందుకు మళ్లీ తడిసింది.

ఇంట్లో నిలవలేక సబ్‌సెంటరుకు నడిచింది. నర్సు సువార్త అప్పుడే తాళం తీస్తోంది.

"సంచి తీసేస్తే నిలుస్తాదా మేడమ్?"

"నీ గర్భసంచికి ఏమొచ్చింది? రక్తం పోతాండాదా? నొప్పి ఉండాదా?"

"అదేమీ లేదు. ఉచ్చే ఆగదు."

"కప్పు కారితే పొయ్యి పెరికేస్తారా?"

సువార్త తన కొంగును రెండు చేతులతో జోలెలా పట్టి, అందులో తాళాలగుత్తి వేసింది.

"ఈ గుత్తి మూత్రసంచి అనుకో. పొత్తికడుపు కింద ముందరి ఎముకకు సన్నని కట్లు దీన్ని కట్టి పట్టుకోనుంటాయి. కింద ఈ కొంగు మాదిరి కండ. కాన్పులకు సాగింది, పచ్చి ఒంటితో బిందెలెత్తితే ఇంకా సాగింది." కొంగు వదులు చేసింది. గుత్తి కిందికి దిగింది. "సాగిన కట్లను మనం బిగించలేము. కండను బిగించొచ్చు. నలుగురిలో పిత్తు ఆపుకోవా? అట్ల లోపలికి గుంజు, పది లెక్కబెట్టి వదులు. తూరికి పదిసార్లు, దినానికి మూడు తూర్లు, మూడు నెలలు. నీళ్లు మాత్రం తాగు. తగ్గకపోతే పెద్దాస్పత్రిలో ఆడ డాక్టరుకు నేనే చూపిస్తా."

"మాత్ర లేదా?"

"లేదు."

కదిరమ్మ నిలబడి గుంజి చూసింది. లెక్క నాలుగు దాటలేదు. కాళ్లు మార్చుకుని మళ్లీ చూసింది.

బయట ఆటో ఆగింది. బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని రంగన్న కేకేశాడు. "ఈడుండావా! ఎక్కు, పొద్దుపోతాండాది."

"నేను రాను."

"ఏమే, మతి పోయిందా? తిప్పేష్‌కు ఏమని చెప్పాల?"

"ఆయప్పనే కడుపు కోయించుకోమను."

ఆటో అతను పకపకా నవ్వాడు. రంగన్న నవ్వలేదు. సువార్త వైపు చూశాడు, ఆమె తల ఊపింది.

"మూడు నెలలు చూస్తా," అంది కదిరమ్మ. "అప్పటికీ తగ్గకపోతే పెద్దాస్పత్రికి నేనే నిన్ను తోడు రమ్మంటా."

రంగన్న కాసేపు సంచి తాడు తిప్పుతూ కూర్చున్నాడు. తరువాత దిగి ఆటోను పొమ్మన్నాడు. ఇంటికి నడుస్తూ కదిరమ్మ లోపలికి గుంజి, మళ్లీ ఒకటి నుంచి లెక్కబెట్టింది.