అల్యూమినియం సల్ఫేట్ దగ్గర ఆగిన కలం

కర్… కర్… కర్…

కాగితం మీద బాల్‌పెన్ను నడుస్తున్న చప్పుడు.

అఫ్సానాకు పరీక్ష అంటే ఆ చప్పుడే. ప్రశ్న చెవిలోకి వస్తుంది, జవాబు నోట్లోంచి పోతుంది. మధ్యలో ఉన్న కాగితాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. పుట్టుకతోనే చూపు లేదు.

రాసేది డయానా. తొమ్మిదో తరగతి పిల్ల. పదో తరగతి పరీక్షకు కూర్చున్న అఫ్సానాకు ఒక తరగతి కిందిపిల్లను రాతకు ఇచ్చారు — జవాబులు తెలిసి ఉండకూడదని. ప్రశ్న చదివి వినిపించాలి, చెప్పింది రాయాలి. అంతే. అంతకుమించి ఒక్క మాట పెగిలినా ఇద్దరినీ లేపి బయటికి పంపేస్తారు.

గవర్నర్‌పేట బడిలో ఒక మూలగది. ముగ్గురే మనుషులు. అఫ్సానా, డయానా, కాపలాకు తిరుపతిరావు సారు. ఆయన చెప్పుల చప్పుడు గోడ నుంచి గోడకు… గోడ నుంచి గోడకు…

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. చెమట మెడ మీంచి వీపులోకి జారుతోంది. కలం మాత్రం ఇప్పుడు మరీ బాగా వినబడుతోంది.

"మెగ్నీషియం ఆక్సైడ్ ఫార్ములా రాయండి," డయానా చదివింది.

"పెద్ద ఎమ్. చిన్న జీ. పెద్ద ఓ."

కర్… కర్… కర్… అక్కడ ఆగాలి.

ఆగలేదు. ఇంకో రెండుసార్లు, పొట్టిగా, కర్ కర్ మంది.

అఫ్సానా లెక్కపెట్టింది. తను చెప్పినవి మూడు. కాగితం మీద పడినవి అయిదు.

పడినవేమిటో చూడకుండానే తెలిసింది. రెండు అంకెలు — దీని కింద ఒక రెండు, దాని కింద ఒక రెండు. మెగ్నీషియం రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఆక్సిజన్ రెండు పుచ్చుకుంటుంది, చెల్లుకు చెల్లు. ఇక అంకెలతో పనేముంది? కానీ ట్యూషన్లలో ఒక కిటుకు నేర్పుతారు. దీని అంకె దాని కిందికి, దాని అంకె దీని కిందికి మార్చెయ్యమని. రెండూ సమానమైతే కొట్టెయ్యాలన్న సంగతి పిల్లలు మరిచిపోతారు. పాపం, డయానా మంచికే చేసింది. ఏమీ తెలియనివాళ్ళతో తంటా లేదు, సగం తెలిసినవాళ్ళతోనే తంటా.

"ఏమన్నా కలిపావా?"

"టూలు మర్చిపోయావక్కా… మా సారు—"

చెప్పుల చప్పుడు ఆగింది. "ఏంటమ్మా ఆ మాటలు?"



"ఏం లేదు సార్. కొట్టేసి మళ్ళీ రాయిస్తున్నా," అంది అఫ్సానా. చెప్పులు మళ్ళీ కదిలాక డయానా వైపు వంగింది. "నేను చెప్పిందే రాయి. నీ తెలివి నాకొద్దు."

 కొట్టివేత గీత గట్టిగా పడింది.

అంత కటువుగా అనాల్సింది కాదు. ఆ సంగతి అన్న క్షణంలోనే తెలిసింది. కానీ భయం కటువుగానే మాట్లాడుతుంది. చూపులేని పిల్లకు సైన్సెందుకని బళ్ళో అన్నారు, మేనత్త అంది, పక్కింటివాళ్ళూ అన్నారు. ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇస్తామన్న కాలేజీ బెజవాడ మొత్తం తిరిగితే ఒక్కటి దొరికింది. దానికీ ఒక షరతు. సైన్సులో తొంభై రావాలి. బొమ్మలు గీసే ప్రశ్నలు ఎలాగూ పోయాయి. ఇంకేం పోయినా ఆ తలుపు మూసుకున్నట్టే.

సోడియం క్లోరైడ్. చెప్పింది. రాసింది. విన్నది. సరిపోయింది.

కాల్షియం క్లోరైడ్. చెప్పింది. రాసింది. విన్నది… సరిపోయింది.

"టైమైపోతోందమ్మా," అన్నారు సారు.

చివరిది అల్యూమినియం సల్ఫేట్.

అఫ్సానా గబగబా చెప్పింది. "ఏఎల్ త్రీ. బ్రాకెట్లో ఎస్‌ఓ ఫోర్. బయట టూ."

కలం కదల్లేదు.

"రాయి."

కదల్లేదు. డయానా గాలి పీల్చింది, వదల్లేదు. నోరు కట్టేసిన పిల్ల అంతకన్నా ఏం చేస్తుంది?

అప్పుడు బల్ల కింద అఫ్సానా వేళ్ళు కదిలాయి. ఆ వేళ్ళు కెమిస్ట్రీ నేర్చుకుంది ఆటోనగర్లో, నాన్న నాగుల్ మీరా లారీలు బాగుచేసే షెడ్డులో. మూడు బోల్టులున్న రేకు అల్యూమినియం. రెండు నట్లున్న రేకు సల్ఫేట్. ఏ బోల్టూ వట్టిగా మిగలకూడదు, ఏ నట్టూ మిగలకూడదు. "మిగిలిందంటే బండి రోడ్డు మీద ఊడిపోద్ది తల్లీ," అనేవాడు నాన్న.

తను చెప్పినట్టు బిగిస్తే తొమ్మిది బోల్టులు. నాలుగు నట్లు.

అయిదు బోల్టులు వట్టిగా మిగిలిపోయాయి.

తిరగేసి చెప్పింది. నిద్రలో అడిగినా చెప్పగలిగినదాన్ని తొందరలో తిరగేసింది. 

ఇది తనకు తెలుసు. నిజంగా తెలుసు. కానీ కలం ఆగకపోతే… తను ఆగేదా?

ఆగేది కాదు. అయిపోయింది సార్ అని లేచిపోయేది.

"తప్పు చెప్పాను," అంది అఫ్సానా. "ఏఎల్ టూ. బ్రాకెట్లో ఎస్‌ఓ ఫోర్. బయట త్రీ."

చెప్పులు బల్లదాకా వచ్చి ఆగాయి. "ఇందాక ఏఎల్ త్రీ అన్నావు కదమ్మా."

"అన్నానండీ."

"ఇప్పుడు టూ అంటున్నావు. ఈ అమ్మాయి ఏమైనా చెప్పిందా?"

పక్కన డయానా బల్లను పట్టుకున్నట్టుంది. బల్ల కాలు నేల మీద టకటకమంటోంది. అవునంటే ఇద్దరి పనీ అయిపోయినట్టే. 

"లేదండీ. ఒక్క మాట కూడా చెప్పలేదు."

అది నిజం. అక్షరాలా నిజం. చిన్నప్పటి నుంచి ఎన్ని అబద్ధాలు ఆడిందో అఫ్సానా… ఒక్కటీ ఇంత బరువుగా గొంతు దాటలేదు.

 సారు అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆయన అలా నిలబడి ఉండగానే కలం మెల్లగా కదిలింది.

కర్… కర్…

ఏం రాసిందో ఈసారి అఫ్సానా చెవి ఒగ్గి లెక్కపెట్టలేదు.