చిన్న గాటు బేరం

వెన్నెముక బొమ్మను బల్ల మీద నిలబెట్టి డాక్టరమ్మ ఆపరేషన్‌కు మూడు పద్ధతులు చెప్పింది. చంకలో పాపతో, ఏడో తరగతి దగ్గరే ఆగిపోయిన చదువుతో, ఒక్క మాటా జారిపోకుండా కోడలు వింటోంది. నడుము దగ్గర నరాల దారి ఇరుకైపోయిందట. అందుకే పది అడుగులేస్తే అత్తయ్య కాళ్లు మొద్దుబారుతున్నాయట.

"పెన్సిలంత గొట్టంలోంచి కెమెరా పంపి ఎముక చెక్కడం ఒకటి. వేలంత గొట్టం పెట్టి మైక్రోస్కోపులో చూస్తూ చెక్కడం ఇంకోటి. కాళ్ల నొప్పి రెండింటికీ దాదాపు ఒకేలా తగ్గుతుంది. మొదటిదాంట్లో గాటు నొప్పి కాస్త తక్కువ. మూడోది, ఎముకల మధ్య చిన్న ఆసరా బిగించడం. చెక్కే పని తక్కువే గానీ, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం ఎక్కువ."

"పెన్సిలే చాలు డాక్టరమ్మా," అంది అత్త. ముప్పై ఏళ్లు చొక్కాలకు కాజాలు కుట్టిన మనిషి. "కాజా అంత రంధ్రం. నేనే కుట్టేసుకుంటా."

కోడలికి నవ్వొచ్చింది. చిన్న గాటైతే ఎల్లుండికల్లా ఇంటికొచ్చేస్తుంది.

"తెలియకుండా మూత్రం పోతోందా?" డాక్టరమ్మ మామూలుగానే అడిగింది.

"అబ్బే, లేదు." అత్త చూపు నేల మీదికి దిగింది.

కోడలికి అప్పుడు తట్టింది. నాలుగు రోజులుగా అత్త లేచిన ప్రతి కుర్చీ తడి. "నీ కూతురే," అని అత్త అన్నప్పుడల్లా తను పాప పిర్ర మీద ఒకటి తట్టి డైపర్ మార్చింది. విప్పినవన్నీ పొడిగానే ఉన్నాయి. చేత్తో తడిమి కూడా బుర్రకెక్కలేదు.

"పోతోంది డాక్టరుగారూ. నాలుగు రోజులైంది. పాప మీదికి నెట్టేశారు."

"నోరు మూసుకోవే."

"మీరు మూసుకున్నది చాలు అత్తయ్యా."

డాక్టరమ్మ బొమ్మను పక్కకు తోసింది. "కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా?"

అత్త తల అడ్డంగా ఊపింది.

"ఇక గాటు చిన్నదా పెద్దదా అని బేరాలు లేవు. మూత్రం ఆపే నరాలే నలిగిపోతున్నాయి, ఇవాళే వాటికి చోటు చేయాలి."

"చేస్తే మూత్రం మీద పట్టు మళ్లీ వస్తుందా?" కోడలు అడిగింది.

"మొదటిరోజే వచ్చుంటే... నాలుగు రోజులంటే..." డాక్టరమ్మ మాట ఆపి ఫోను ఎత్తింది.

"ఒకదానికి డైపర్లు మార్చలేకే చస్తున్నావు," అత్త గొణిగింది. "రెండోదాన్ని నేనెందుకులే అనుకున్నా."

నర్సు ఆపరేషన్‌కు అంగీకార పత్రం తెచ్చింది. కోడలు పాపను సర్దుకుని కలం అందుకుంది. అత్తే లాక్కుని, వంకరటింకరగా తన సంతకం తనే పెట్టుకుంది. కోడలు మాత్రం డాక్టరమ్మ మొహం వైపే చూస్తూ ఉండిపోయింది, ఆగిపోయిన ఆ మాట అక్కడెక్కడైనా దొరుకుతుందేమోనని.