మొదటి పడవలో వచ్చినవాళ్లు

తిదా కూతురు న్యాలికి ఊరిపెద్ద ఇంట్లోనే సంబంధం కుదిరింది. సామాతెండా రేవులో ఎండుచేపలు అమ్ముకునే మనిషికి అంతకంటే ఏం కావాలి? కానీ పెళ్లి దగ్గరపడేకొద్దీ తిదాకి ముద్ద దిగడం మానేసింది.

పెళ్లిరోజున గాయకుడు ఫోదే కోరా తీగలు మీటుతూ ఊరి పుట్టుక మొదలుకొని రెండు వంశాల కథా పాడతాడు. తిదా తాత కథ కూడా పాడేస్తే? ఆయన ఈ రేవుకి వచ్చింది బానిసగా, అమ్మకానికి. అమ్మ పోయేముందు చెవిలో చెప్పిన మాట అది. మొగుడు కౌసుకి కూడా తిదా చెప్పలేదు.

పక్కింటి మాన్సాతాది తిదాతో వేళాకోళం వరస. ఆ రెండు ఇంటిపేర్లవాళ్లూ ఒకరినొకరు బానిసలని ఆటపట్టించుకోవడం ఎప్పట్నుంచో ఉన్నదే. "ఏమే మా బానిసా, చేపలెండాయా?" అని మాన్సాతా గోడ మీంచి కేకేసినప్పుడల్లా తిదా నవ్వేది. ఆ వెంటనే ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయేది.

చివరికి, ఏదైనా అడగబోయేముందు చేతిలో పెట్టే కోలా కాయలు మూటగట్టుకుని ఫోదే ఇంటికెళ్లింది.

"అన్నా, మా తాత ముచ్చట వదిలెయ్. నీ కాళ్లు పట్టుకుంటా."

"పాటలో ముక్క కోసేస్తే అది పాటేనా తల్లీ? అయినా అది నా ఒక్కడి చేతిలో లేదు. ఇంటికెళ్లి అన్నం తిను."

మాటివ్వకుండానే కాయలు మాత్రం తీసుకున్నాడు. దాంతో తిదాకి భయం ఇంకా ఎక్కువైంది.

పెళ్లినాడు రేవు పక్కన చాపలు పరిచారు. పెద్ద పెద్ద కుండల్లో వేరుశనగ పులుసు కుతకుతలాడుతోంది. ఫోదే గొంతెత్తాడు. ఉప్పు వర్తకుడొకడు నదికి ఎదురు పడవేసుకుని వచ్చాడు, ఏనుగులు నీళ్లు తాగే చోట దిగాడు, ఆ పడవలో... తిదా కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఆగు ఫోదే!"

ఊరిపెద్దకి మేనత్త, ముసలి దాదో, కర్ర ఊతంగా లేచింది. "ఇక్కణ్ణుంచి నే చెప్తా. ఆ పడవలో ఉన్నవి ఉప్పు బస్తాలు కాదు. కట్టేసిన మనుషులు. కొనే ఓడేమో రాలేదు. వర్తకుడు జ్వరమొచ్చి పోయాడు. కట్లు తెంచుకుని అందరూ అడవిలోకి పారిపోయారు, ఇద్దరు తప్ప. ఒకడు తిదా తాత. రెండోవాడు మా నాన్న."

దాదో కర్రెత్తి రేవు గుంజల్ని చూపించింది.

"ఇద్దరూ కలిసే బురదలో గుంజలు పాతి ఈ రేవు కట్టారు. ఊరు కట్టుకోవాలంటే రాజు ఒప్పుకోవాలి, బానిసలకి ఒప్పుకోడు కదా. అందుకని మా నాన్న వర్తకుడి మేనల్లుణ్ణని చెప్పుకున్నాడు. తిదా తాత అవునన్నాడు. చచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. ఆయన నోరు విప్పుంటే మేం పెద్దింటోళ్లం అయ్యేవాళ్లమా?"

తిదా వైపు తిరిగింది. "ఫోదేకి కోలా కాయలు పట్టుకెళ్లావటగా? అంతకు ముందురోజు నేనూ పట్టుకెళ్లానే పిచ్చిదానా! నాదీ నీ ఏడుపే. నువ్వూ వచ్చి బతిమాలావని తెలిశాక సిగ్గేసింది."

ఫోదే తల వంచుకుని తీగలు సవరించుకుంటున్నట్టు నటించాడు.

"అయితే ఊరిపెద్దలు కూడా మా బానిసలేనన్నమాట!" వెనక వరసలోంచి మాన్సాతా అరిచింది. "లేవండర్రా, మాకు పులుసు వడ్డించండి!"

ముందు నవ్వింది దాదోనే. ఆ తర్వాత రేవంతా ఘొల్లుమంది. న్యాలి పరుగున వచ్చి తల్లిని వాటేసుకుంది.

పొద్దు వాలుతుండగా తిదా, కౌసు నీటి ఒడ్డున కూర్చున్నారు.

"ఇన్నేళ్లూ నీ దగ్గర దాచాను," అంది తిదా.

"ఇదేనా? నిద్దట్లో ఉలిక్కిపడుతుంటే, నామీద మనసు లేదేమో అనుకునేవాణ్ణి."

తిదా అతని భుజం మీద ఒక్కటిచ్చింది. ఎగువ నుంచి వేరుశనగ పడవలు వస్తున్నాయి. తాడు అందుకోడానికి కౌసు లేచి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి తిదా ఆ సందడిలోనే, చాప మీద ఓ పక్కకి ఒరిగి, గుర్రుపెట్టి నిద్రపోతోంది.