పారబోసిన చేదు

డోర్సిలా కుండ దించి, మూత కాస్త ఓరగా పట్టి, ఆకు ఉడికిన నీళ్ళను వంటపాక వెనక కంచె మొదట్లోకి వంచింది. నల్లపచ్చని నీళ్ళు, ముక్కుకు తగిలే చేదు వాసన. కుండలో కొత్తనీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీదకి ఎక్కించింది. దెక్ ఆకు చేదు ఒక వంపుతో వదిలేది కాదు. రెండుసార్లు వంచాలి. ఆపైన ఆవుపాలు పోసి సన్నసెగ మీద మగ్గబెట్టాలి. మరునాడు మళ్ళీ పాలు, మళ్ళీ సెగ. మూడోనాటికి ఆకు వెన్నలా కరుగుతుంది. సరస్సు ఒడ్డు సంతలో పడవలవాళ్ళూ, లారీ డ్రైవర్లూ మొక్కజొన్న ముద్ద చేత్తో పట్టుకుని ఆమె కుండ చుట్టూ చేరేది ఆ రుచి కోసమే.

ఎముకల మనిషి. ఆకు దూసీ దూసీ బొటనవేలి గోళ్ళు నల్లబడ్డాయి, ఎంత తోమినా ఆ రంగు పోదు. పొయ్యి ఊదడంతో ఎడమకన్ను ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. తెలియనివాళ్ళు ఏడుస్తోందనుకుంటారు. తెలిసినవాళ్ళు ఓర్వలేక ఏడుస్తోందంటారు.

పక్క ఇంట్లోంచి సవతి నెరియా నవ్వు వినిపించింది. వాళ్ళ లువో భాషలో సవతికీ ఈర్ష్యకూ వేరు ఒకటే, అందుచేత డోర్సిలా తన ఈర్ష్యను దాచుకోవలసిన అవసరం ఎన్నడూ పడలేదు. మొగుడు ఒగొల్లా పోయి ఏళ్ళు గడిచినా, పంచుకోవడానికి మగవాడే లేకపోయినా, అది మాత్రం పొయ్యిలో నివురులా అలాగే ఉంది. ఇవాళ మరీ రాజుకుంది. నెరియా పెద్దకూతురు అవూర్ అత్తవారింటికి, సరస్సు అవతలి మ్వాంజాకు, వెళ్ళిపోతోంది. పిల్లను ఇచ్చినందుకు వచ్చిన ఆవులు నెరియా దొడ్లో అరుస్తున్నాయి.

ఆ పొద్దున్నే ఇద్దరూ సంతకు చేరారు. అక్కడా ఇద్దరి చాపలూ పక్కపక్కనే. నెరియా ఎండు చిరుచేపలు అమ్ముతుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"అక్కా, పొద్దున్నే ఆ మొహమేంటి? కుండలో చేదంతా నువ్వే తాగావా?"

"చేదు తాగింది నువ్వమ్మా. నేను వంచి పారేసిన నీళ్ళు తాగి బతికినదానివి."

చుట్టుపక్కల ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఇది పాత హాస్యమే. నెరియా కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు ఆవు లేదు, పాలు లేవు. దెక్ ఆకును ఒక్క ఉడుకు ఉడికించి చేదుగానే తినేది. ఒకనాడు డోర్సిలా కుండ వంచుతుంటే సొరకాయ బుర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "పారబొయ్యకక్కా, నాకియ్యి. ఒంటికి రక్తం పడుతుందని మా అమ్మ చెప్పేది." డోర్సిలాకు ఆనాడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. సవతి తన ఎంగిలినీళ్ళు తాగుతోంది! ఆనాటినుంచి సొరబుర్ర కోసం ఎదురుచూసి మరీ వంచేది. ఆ ముచ్చటను ఇన్నేళ్ళూ సంతలో అమ్ముకుంది, కూరతోపాటు.

నెరియా కోళ్ళు కొయ్యాలంటూ పెందలాడే చాప చుట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె అటు వెళ్ళగానే క్లినిక్ నుంచి సిస్టర్ మెల్డా వచ్చి, సంత రేకులషెడ్డు కింద ఆడవాళ్ళను కూర్చోబెట్టింది.

"ఫోలిక్ యాసిడ్ అంటే హడలిపోకండి. పేరే యాసిడ్, ఒళ్ళేం కాల్చదు. ఆకుకూరల్లో ఉంటుంది, చిక్కుడుగింజల్లో ఉంటుంది, కాలేయంలో ఉంటుంది. కడుపులో బిడ్డ వెన్ను మూసుకునేది మొదటి నెలలోనే. మీకు నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని అయిపోతుంది. అందుకే ముందునుంచీ ఒంట్లో ఉండాలి. మరి మీరేం చేస్తున్నారు? ఆకుని చచ్చేదాకా ఉడికించి, నీళ్ళు వంచేస్తున్నారు. సత్తువంతా ఆ నీళ్ళలోనే పోతుంది."

"అయితే డోర్సిలా కంచెకే సత్తువంతా!" అని ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

డోర్సిలా నవ్వలేదు. "వెన్ను మూసుకోకపోతే ఎట్టా ఉంటుంది సిస్టరమ్మా?"

సిస్టర్ ఆమె వంక చూసి గొంతు తగ్గించింది. "నడుం దగ్గర ఎర్రగా, బుడగలా తెరుచుకుని ఉంటుంది. అందరికీ తిండి వల్లే అని కాదమ్మా. అన్నీ తిన్నా ఒక్కోసారి అవుతుంది. కానీ చాలామందికి ఆపొచ్చు, ముందే మాత్రలు వేసుకుంటే."

డోర్సిలా ఆ ఎర్రటి బుడగను రెండుసార్లు చూసింది, తను కన్నపిల్లల నడుం మీదే. మొదటి కొడుకు నెరియా రాకముందే పుట్టి పోయాడు. రెండోవాడి నాటికి సవతులిద్దరికీ ఒకే వానల్లో నెల తప్పింది. ఇటు డోర్సిలా కుండ వంచడం, అటు నెరియా బుర్ర పట్టడం. పిల్లవాడు వారం తిరగకుండానే పోయాడు, అరటిచెట్ల వెనక పూడ్చారు. కొద్దిరోజులకు నెరియా కడుపున అవూర్ పుట్టింది, గుండ్రాయిలాంటి పిల్ల. సవతే చేతబడి చేసిందని డోర్సిలా ఊరంతా చాటింది. సగం ఊరు నమ్మింది కూడా.

చేతబడి ఎవరూ చెయ్యలేదేమో. కుండ తనది, వంచిన చెయ్యి తనది. అంతకన్నా ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. ఆ నీళ్ళు తాగి నెరియా ఐదుగురిని కన్నది. నా పిల్లల్ని తాగేసింది అనుకుంది డోర్సిలా. ఆ మాట న్యాయం కాదని తెలుసు, తెలిసే అనుకుంది.

నిన్న సాయంత్రం అవూర్ వచ్చి బతిమాలింది. "మా ఆయనకి నీ దెక్ కూరంటే ప్రాణం పెద్దమ్మా. వెళ్ళేముందు ఎట్టా వండాలో చెప్పవూ?" చెబుతానంది. తాను వండేదే ఉన్నదున్నట్టు చెబితే చాలు. అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు. నెరియా కూడా ఒకనాటికి నడుం తెరుచుకున్న మనుమణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు తెలుస్తుంది. ఈ ఆలోచన తియ్యగా ఉంది. సంతలోంచి నడుస్తున్నంతసేపూ దాన్ని బెల్లంముక్కలా చప్పరించింది. తీరా చూస్తే నడిచి వచ్చింది ఇంటికి కాదు, క్లినిక్కుకి.

మాత్రలు అడిగితే, "పిల్లనే తీసుకురావాలమ్మా," అంది సిస్టర్.

"మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతోంది. నా కూతురు," అంది డోర్సిలా. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

సిస్టర్ ఒక మాత్రల అట్ట చేతిలో పెట్టి, రోజుకొకటి వేసుకోమనీ, అక్కడికి వెళ్ళాక క్లినిక్కులో చూపించుకోమనీ చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి వాకిలి నిండా చుట్టాలు. అవూర్ కొత్త గౌనులో, నూనె రాసిన భుజాలు మెరుస్తూ ఎదురొచ్చింది.

"చెప్పు పెద్దమ్మా, గుర్తుపెట్టుకుంటా."

"ఒక్క ఉడుకు చాలు. నీళ్ళు కొంచెమే పొయ్యి, వంచకు. పాలు పోసి దించెయ్యి."

అవూర్ మొహం చిన్నబోయింది. "అది మా అమ్మ కూర కదా? చేదుగా, ఉడికీ ఉడకనట్టు. నేనడిగింది నీ కూర."

"నా కూర నీకొద్దు."

నెరియా నడుం మీద చేతులు వేసుకుని వచ్చింది. "విన్నావా? చెబితే నమ్మవు! ఇన్నేళ్ళూ నా వంటని ఊరంతా వెక్కిరించి, ఇవాళ నా బిడ్డకి అదే నేర్పుతోంది. ఆ రుచి తనతోనే మట్టిలో కలవాలి, అంతే!"

డోర్సిలా మాత్రల అట్ట తీసి అవూర్ ముందుకు చాపింది. "రోజుకొకటి. కడుపు రాకముందునుంచే వేసుకోవాలి."

పిల్లలు దక్కని పెద్దభార్య, సవతి కూతురి కడుపు కోసం మందు ఇస్తోంది. అందరి మనసులోనూ ఒకటే మాట, చేతబడి. నెరియా కూతురి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"క్లినిక్కులో ఇచ్చినవేనే," అంది డోర్సిలా. ఒక మాత్ర అట్టలోంచి చించి తీసి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని నీళ్ళు లేకుండానే మింగింది. "చూశావా?"

"నీకేమవుతుందక్కా? నీ కడుపులో ఏముందని?"

ఇంకొక్క మాట చెబితే చాలు, నమ్మేవాళ్ళు. నువ్వు తాగిన నీళ్ళే గెలిచాయి, నా కుండే ఓడింది అనాలి. నీ వంటే మంచిదని చుట్టాలందరి ముందూ నెరియాతో అనాలి. డోర్సిలా నోరు తెరిచింది. ఎదురుగా నెరియా, ఆమె వెనక ఆవులు, ఆమె చుట్టూ పిల్లలు. అంతా అయ్యాక కూడా ఆ సంతోషం సవతికి ఇవ్వడం ఆమె వల్ల కాలేదు.

అవూర్‌కు సిగ్గేసింది. మోకాళ్ళు వంచి, రెండు చేతులా అట్ట అందుకుంది. "వేసుకుంటాను పెద్దమ్మా," అని సంచిలో పెట్టుకుని, వెళ్ళి అమ్మ అరుగు మీది చాపపై కూర్చుంది.

బస్సు దగ్గర దింపే మోటారుసైకిలు వచ్చింది. ఆడవాళ్ళు నాలుక తిప్పుతూ సాగనంపే కూతలు పెట్టారు. అవూర్ పెట్టెతో సహా వెనక ఎక్కి, మలుపు దాకా చెయ్యి ఊపింది. దుమ్ము సర్దుకున్నాక చుట్టాలు ఒక్కొక్కరే కదిలారు, నెరియా కళ్ళు తుడుచుకుంటూ ఆవులకు నీళ్ళు పెట్టబోయింది. ఆనవాయితీ ప్రకారం పెద్దభార్యే వాకిలి ఊడవాలి. డోర్సిలా చీపురు పట్టుకుని నెరియా అరుగు దగ్గరికి వచ్చింది. అవూర్ కూర్చున్న చాప దులపడానికి ఎత్తింది. చాప కింద మాత్రల అట్ట ఉంది, ఒక్క గది చిరిగి, తక్కినవన్నీ నిండుగా.